రాళ్ళ చౌకీ

మస్కట్ శివార్లలోని ఘాలాలో గోడౌన్లు అయిపోయి కొండలు మొదలయ్యే చోట ఒక పైపుల యార్డు ఉంది. దాని వెనక కొండ మీద గుండ్రంగా, నడుమెత్తు రాతిగోడ. లోపల ఇద్దరు నిలబడితే ఇరుకే. దాన్ని అందరూ రాళ్ళ చౌకీ అంటారు. పగలు చూస్తే మేకలు కూడా పట్టించుకోవు. దాని కింద యార్డులో రాత్రి డ్యూటీ వేస్తే మాత్రం సెక్యూరిటీ వాళ్ళందరికీ ఒకేసారి జ్వరాలొస్తాయి.

కొత్తవాడికి పాతవాడు మొదట చెప్పే మాట ఒకటే. పైనుంచి ఎవరైనా పలకరిస్తే... పలక్కు.

నేను నవ్వేవాణ్ణి. నా పేరు రఘుపతి, ఆ యార్డులో స్టోర్‌కీపర్ని. నోటి దురుసు మనిషినని పేరు. మా మేనేజర్ని రోజూ చూసేవాడికి దెయ్యం ఒక లెక్కా, బాబూ?

ఇస్రాయేలు అలా కాదు. అమలాపురం వైపు వాడు, మెత్తటివాడు, సెక్యూరిటీ గార్డు. పెళ్ళాం కడుపుతో ఉండగా విమానం ఎక్కాడు. పాప పుట్టింది, నడిచింది, బడికెళ్ళే వయసొచ్చింది... వీడికి సెలవు రాలేదు. పాప ఫోన్లో నాన్నా అని పిలుస్తుంది. ఆ నాన్నకు చేతులుంటాయని, ఎత్తుకుంటాడని దానికింకా తెలీదు.

చివరికి సెలవు వచ్చింది. ఆ రాత్రే ఫ్లైట్. అయినా రిలీవర్ వచ్చేదాకా డ్యూటీలో ఉండాల్సిందే అన్నారు. కాపలా పనిలో అది రాసిపెట్టని చట్టం. ఇంకొకడు వచ్చి 'నువ్వెళ్ళు, నేనున్నాను' అనాలి. ఆ మాట వినేదాకా కదలకూడదు.

ఇక ఇస్రాయేలు నాతో చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

కొండ కింద గార్డు కేబిన్‌లో కూర్చుని పదేపదే పాస్‌పోర్టు తడుముకుంటున్నాడట. గాలి ఆగిపోయింది. అప్పుడు పైనుంచి—

"తమ్మీ... లడాయి అయిపోయిందా?"

అరబ్బీ అయితే పలికేవాడు కాదు, హిందీ అయినా పలికేవాడు కాదు. తెలుగు! కొండ మీదినుంచి తెలుగు వినబడితే ఎవడు ఆగుతాడు? టార్చి పట్టుకుని ఎక్కాడు.

గోడ లోపల ఒక మనిషి. వెలిసిపోయిన ఖాకీ, తలకు పాగా, భుజానికి పొడవాటి పాతకాలపు తుపాకీ. ముఖం మీద వెలుగు వేస్తే... వెలుగు అతన్ని దాటి అవతలి రాళ్ళ మీద పడింది.

"ఏ యుద్ధమండి?" అన్నాడు ఇస్రాయేలు.

"జర్మనోళ్ళతోని."

మొదటి ప్రపంచ యుద్ధం, బాబూ. యూరప్‌లో చక్రవర్తులు దేశాలు పంచుకోలేక కొట్టుకున్నారు. ఆ గొడవలో ఇంగ్లీషు దొరలు మన సిపాయిల్ని ఓడలెక్కించి తెచ్చి, మస్కట్ చుట్టూ కొండల్లో కాపలా పెట్టారు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయంటారే... అదే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇస్రాయేలుకు బళ్ళో చదివిన సోషల్ పాఠం గుర్తొచ్చింది. "అది అయిపోయి వందేళ్ళు దాటిందండి. జర్మనీ రాజు కైజరు దేశం వదిలి పారిపోయాడు. రష్యా జారును వాళ్ళ జనమే దింపేశారు. మన దొరలు కూడా మూటాముల్లే సర్దుకుని పోయారండి."

ఆ సిపాయి భుజం మీది తుపాకీ దించి గోడకు ఆనించాడట. తర్వాత మెల్లగా—

"మరి... నాకెవ్వలు చెప్పలే?"

ఇస్రాయేలు టార్చి కిందికి దించాడు.

"కన్ను మూయలే తమ్మీ. బదులు మనిషి రాలే... ఎట్ల దిగుత?"

ఇస్రాయేలుకు జాలేసింది. రోజూ తోటి గార్డులతో అనే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో... మీరెళ్ళి కాసేపు నడుం వాల్చండి. నేనున్నాను కదండీ."

సిపాయి మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. గోడ దాటాడు. కొండ దిగుతున్న చప్పుడు మాత్రం రాలేదు.

కాసేపటికి షఫీ పికప్‌లో రిలీవర్‌ని తెచ్చి కేబిన్ దగ్గర దించి, కింద హారన్ కొట్టాడు. షఫీ కడప వాడు, కంపెనీ డ్రైవరు. ఇస్రాయేలు బ్యాగు అప్పటికే బండిలో ఉంది. ఎంతకీ దిగకపోతే పైకి వెళ్ళి చూసి, నా రూమ్‌కి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, వాడు గోడ దాటలేకున్నాడన్నా! కాలు బయట పెడతాండాడు... మళ్ళీ లోపలే ఉంటాండాడు!"

కాలర్ పట్టుకుని లాక్కొస్తానని తిట్టుకుంటూ ఎక్కాను. నా కళ్ళతో చూశాను. రెండు చేతులా పట్టి లాగాను. నా చేతుల్లో ఉన్నవాడు మరుక్షణం గోడ లోపల, కొండల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

అప్పుడే జరిగిందంతా చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. "పాప ఎదురు చూస్తాదండీ..."

షఫీ నా వైపు చూశాడు. వాడికీ పిల్లలున్నారు. ఇస్రాయేలును విడిపించే మాట వాడి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాణ్ణి తప్పుపట్టను.

నాకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. నమ్మి అన్నానో, ఇదంతా వట్టిదని తేల్చడానికి అన్నానో ఇప్పటికీ చెప్పలేను. అన్నాను.

"నువ్వెళ్ళరా. నేనున్నాను."

ఇస్రాయేలు ఒక్క అంగలో గోడ దాటాడు. షఫీ వాడి చెయ్యి పట్టుకుని కిందికి ఈడ్చుకుపోయాడు. బండి లైట్లు మలుపు తిరిగాయి. హమ్మయ్య అనుకుని నేనూ గోడ మీద కాలు వేశాను...

స్టోర్‌కీపర్ బురైమి దగ్గర దేశ సరిహద్దు దాటి పారిపోయాడని కింద చెప్పుకుంటుంటారు. నాకు వినబడుతుంది. ఈ రాళ్ళ మధ్య నుంచి అన్నీ వినబడతాయి.

టార్చి దించు, బాబూ. వెలుగు నా మీద నిలవదు... చూస్తే నీకే భయం.

నీ పెదాలు కదులుతున్నాయి. జాలిపడుతున్నావు. వద్దు! ఆ మాట అనకు. ఎవడో రాజు కోసం మొదలైన పహరా, నాతో ఆగిపోనీ.

ఒక్క సాయం చెయ్యి. షఫీని అడుగు, ఇస్రాయేలు ఆ రాత్రి ఫ్లైట్ అందుకున్నాడా, పాపను ఎత్తుకున్నాడా అని. ఇక్కడికి వచ్చి ఎవరూ నాకు చెప్పలేదు.

తెలిశాక పైకి రాకు. కింది నుంచే కేకెయ్యి.