ఎవరూ కట్ చెప్పని రాత్రి

ఆ మేడ మాటెత్తితే ఆ వీధివాళ్లు మాట మార్చేస్తారు. పన్నెండేళ్లుగా ఖాళీగా పడి ఉన్న రెండంతస్తుల ఇల్లు. రాతి నేల, ఎత్తు కప్పు, మాట్లాడితే మళ్లీ మన మాటే మనకు వినిపించే హాలు. చీకటి పడితే ఎదురింటివాళ్లు అటువైపు కిటికీలు మూసేస్తారు.

అక్కడ ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేదట. ఒకరోజు సామాన్ల గదిలోకి వెళ్తే వెనక తలుపు బిగుసుకుపోయింది. కొట్టింది. మూడు దెబ్బలు... ఆగి, మళ్లీ మూడు దెబ్బలు. రెండు రోజులు కొట్టింది. వీధంతా విన్నది. ‘ఏదో మరమ్మతు చేయించుకుంటోందిలే’ అనుకున్నారు. మూడో రోజు ఆ చప్పుడు ఆగిపోయింది.

అప్పటినుంచి రాత్రిళ్లు అక్కడ మూడేసి దెబ్బలు వినిపిస్తాయంటారు. వాళ్లు కిటికీలు భయపడి మూస్తారో, సిగ్గుపడి మూస్తారో నాకు తెలీదు.

ఇదంతా నాకు చెప్పింది మా బావ. సినిమాలకు సౌండ్ రికార్డ్ చేస్తాడు. కథలు అల్లేంత ఊహ ఆయనకు లేదు. మా అక్క ఫిర్యాదు కూడా అదే.

ఆ మేడలో వాళ్లు తీసింది ప్రేమా, దొంగతనమూ, నవ్వులూ కలిపిన సినిమా. లేచిపోతున్న జంట తమ సామాననుకుని దొంగల చెక్కపెట్టెను మోసుకొస్తారు. మూత తీస్తే లోపల కాళ్లూ చేతులూ కట్టేసిన ముసలాయన. చచ్చాడనుకుని వాళ్లు, చావకుండా ఆయన... అదీ తమాషా.

తెర మీద తమాషాగానీ, తీసేవాళ్లకు మాత్రం అన్నీ అవాంతరాలే. మొదటిరోజు హీరో మెట్ల మీద జారి మడమ బెణికించుకున్నాడు. రెండోరోజు దీపాల స్టాండు పడి కెమెరా అద్దం పగిలింది. మూడోరోజు ముసలాయన బదులు పెట్టెలో పెట్టే బొమ్మ తల ఊడి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా నిర్మాత కాళ్ల దగ్గర ఆగింది. యూనిట్లో గుసగుసలు మొదలయ్యాయి. దర్శకుడు మాత్రం దెయ్యమూ లేదు గియ్యమూ లేదని కొట్టిపారేశాడు.

ముసలాయన వేషం వేసినాయన్ని అందరూ శవం బాబాయ్ అంటారు. నలభై సినిమాల్లో చచ్చాడు. ముక్కు మీద ఈగ వాలినా కదలడు. ‘కట్’ అన్న మాట వినపడితేనే కళ్లు తెరుస్తాడు. అది ఆయన పంతం, ఆయన అన్నం కూడా.

ఆఖరి రాత్రి. బాబాయ్ పెట్టెలో పడుకున్నాడు. తాళ్లు బిగించారు, నోటికి ప్లాస్టర్ అంటించారు. ఆయన ఒళ్లు చెక్కకు రాసుకుంటే మైకులో గరగరమంటుందని, బావే లోపల అడుగునా పక్కలా మందపాటి బొంతలు కూరాడు. మూత లోపలికి కూడా ఒకటి కుట్టించాడు. అర నిమిషం షాటు. మూత పడింది... జంట మాటలు మొదలుపెట్టింది...

బయట జనరేటర్ ఢామ్మని పేలింది.

చీకటి. పొగ. ఎవరో మంట అని అరిచారు. అందరూ బయటికి పరుగెత్తారు. మంట ఆరేసరికి దర్శకుడికి ఓపిక చచ్చిపోయి, ఇక చాలు పదండి అన్నాడు. రెండు వ్యాన్లు వెళ్లిపోయాయి. బాబాయ్ ఆ వ్యానులో ఉన్నాడని ఈ వ్యానువాళ్లు, ఈ వ్యానులో ఉన్నాడని ఆ వ్యానువాళ్లు.

బావ ఒక్కడే ఆగాడు. ఖాళీ గదికి కూడా ఒక చప్పుడు ఉంటుందట, ఏ గదిది ఆ గదిదే. ఆ నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పట్టుకుని తర్వాత మాటల కింద పరుస్తారు. తెల్లారితే మేడ తాళాలు అప్పగించాలి. ఆయన యంత్రం బ్యాటరీతో నడిచేది. టార్చి నేల మీద పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊపిరి బిగబట్టాడు.

పది సెకన్లు... ఇరవై...

టక్. టక్. టక్.

హెడ్‌ఫోన్లు తీశాడు. ఏమీ లేదు. ఎలుకలేమో అనుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

టక్. టక్. టక్.

సామాన్ల గది తలుపు ఎదురుగానే ఉంది, తెరిచే ఉంది. యంత్రం అక్కడే వదిలేసి గేటు దాకా పరుగెత్తాడు. ఎదురింటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

ఆ కిటికీలే తనని ఆపాయంటాడు బావ.

“అప్పుడు వీళ్లంతా విన్నార్రా. విని పడుకున్నారు. నేనూ విన్నాను. వెళ్లిపోతే నాకూ వాళ్లకూ తేడా ఏముంది?” అన్నాడు నాతో.

వెనక్కి వచ్చాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకును చీకట్లో నలుదిక్కులా తిప్పాడు. సామాన్ల గది వైపు... లేదు. మెట్ల వైపు... లేదు. హాలు మధ్యకు తిప్పగానే చెవిలో కొట్టినట్టు వినిపించింది.

పెట్టె.

గడియ పడి ఉంది. మూత విసురుగా పడినప్పుడు దానంతటదే పడిపోయిందని తర్వాత తేలింది. గడియ లాగి మూత ఎత్తాడు. బాబాయ్ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాల చుట్టూ నీలం. ఇంత చక్కగా చచ్చినట్టు నటించేది ఈయనొక్కడేనని ఒక్క క్షణం అనిపించిందట. ఆ క్షణానికి తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ప్లాస్టర్ లాగేశాడు. తాళ్లు కోశాడు. చెంపలు తట్టాడు. కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక ఏడుస్తూ చెవి దగ్గర వంగి, “కట్... కట్, బాబాయ్. అయిపోయింది. కట్,” అన్నాడు.

రెప్పలు కదిలాయి.

బాబాయ్‌ని ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు బావ చూడ్డానికి వెళ్లాడు. మంచం పక్కన తలవంచుకుని కూర్చున్నాడు.

“నువ్వు కొట్టడం మొదటిసారే విన్నాను బాబాయ్. దెయ్యమనుకుని గేటు దాకా పారిపోయాను. నన్ను క్షమించు.”

బాబాయ్ దుప్పటి కింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి చూపించాడు. మణికట్ల చుట్టూ తాడు దిగబడిన నల్లటి చారలు.

“నా చేతులు వీపు వెనక కదా కట్టారు అబ్బాయ్. కాళ్లు కూడా కట్టేసి ఉన్నాయి. నేనెలా కొడతాను?”

బావ విన్నది ఉత్త చెక్క మీద వేలి కణుపులతో కొట్టిన చప్పుడు. లోపల నలువైపులా బొంతలు కూరింది తనే.

బాబాయ్ గొంతు తగ్గించాడు.

“కట్ అంటారని కదలకుండా పడుకున్నాను. ఊపిరి అందట్లేదు. ఇక పోతాననుకునే వేళకి మూత మీద, సరిగ్గా నా మొహం పైన, ఎవరో కొట్టడం మొదలుపెట్టారు. మూడు కొట్టి ఆగడం, మళ్లీ మూడు కొట్టడం. నేను లోపలున్నానని ఒక్కరికైనా తెలిసిందిలే అని ప్రాణం బిగబట్టుకున్నాను.”

ఆయన బావ చెయ్యి పట్టుకున్నాడు.

“అది నువ్వు కాదా?”