రన్‌వే మీది నల్లచారలు

ఆదివారం పొద్దున మామగారు పాలకని వెళ్లగానే, కోడలు తడిగుడ్డ పట్టుకుని ఆయన గదిలో అడుగుపెట్టింది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అది ఆమెకు పంటికింద రాయే. సాయంత్రం ఆయన పాత ఉద్యోగపు స్నేహితులు చూడ్డానికి వస్తున్నారని ఇవాళ తెరిచి ఉంచారు.

గదిలో సగం ఆక్రమించిన బల్ల మీద ఒక బుల్లి విమానాశ్రయం ఉంది. రన్‌వే దీపాలు బాగుచేస్తూ రిటైరైన ఎలక్ట్రీషియన్ ఆయన, ఆ ధ్యాస ఇంకా వదల్లేదు. అట్టతో కట్టిన టెర్మినలూ, ఆవగింజంత దీపాలూ, సామాన్లు లాగే బండ్లూ అన్నీ ముచ్చటగా ఉన్నాయి. రన్‌వే ఒక్కటే రెండు చివర్లా నల్లటి చారలతో మాసి ఉంది. పాపం, పెద్దాయన చూసుకోలేదనుకుంది. వచ్చినవాళ్లు కోడలు ఏం చేస్తోందనుకోరూ? శుభ్రంగా తుడిచేసింది.

పాలపాకెట్లతో వచ్చిన మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అవి మరకలు కావమ్మా. విమానం దిగేటప్పుడు టైర్లు రాసుకుని పడే గుర్తులు. పెన్సిల్ పొడితో నేనే వేశాను."

తిట్టలేదు. ఆమె బయటికి రాగానే తలుపు వేసుకున్నారు. తిడితేనే నయమనిపించింది కోడలికి.

మొగుడు మాత్రం ఊరుకోలేదు. ఎండాకాలమంతా నాన్న ఆ చారలతోనే తంటాలు పడ్డారని, అడక్కుండా ఎందుకు ముట్టుకున్నావని సణిగాడు. ఇన్నాళ్లూ అణుచుకున్నదంతా ఆమెకు ఒక్కసారి పొంగుకొచ్చింది.

"మీ నాన్నగారికి నేనంటే పడదు. పడితే ఆ తలుపు నాకెందుకు మూస్తారు? మనం వేరే ఇల్లు చూసుకుందాం."

అతను పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి, ఈ ఇంట్లో తనకింక చోటు లేదని ఆమె నిశ్చయించుకుంది.

భోజనానికి ఎంత పిలిచినా మామగారు పలకలేదు. చివరికి తప్పు ఒప్పుకుందామని తనే తలుపు తోసింది. ఆయన బల్ల మీదికి వంగి కుంచెతో చార గీస్తున్నారు. చెయ్యి వణుకుతోంది. చార అడ్డదిడ్డంగా పోతోంది. ఆమెను చూసి, చెయ్యి గబుక్కున బల్ల కిందికి లాక్కున్నారు.

"ఎన్నాళ్ల నుంచి మామయ్యగారూ?"

"చాన్నాళ్లయింది. మీకు కనబడకూడదనే తలుపు వేసుకునేవాణ్ణి. నీ మీద కోపం లేదమ్మా. మళ్లీ వేయలేను, అదీ నా బాధ."

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. తన మీద మూశారనుకుని ఇన్నాళ్లూ ఆ తలుపుని ఎంత తిట్టుకుంది! స్టూలు లాక్కుని కూర్చుని, కుంచె అందుకుంది.

"ఎలా వేయాలో చెప్పండి."

"దిగే చోట ముదురుగా, పోనుపోను పలచగా."

మొదటి చార లావుగా, వంకరగా వచ్చింది. ఆయన తల వంచి చూశారు.

"ఇది దిగలేదమ్మా, కూలింది."

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వు విని మొగుడు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చెప్పమంటారా అన్నట్టు ఆమె మామగారి కేసి చూసింది. ఆయన కాసేపు తటపటాయించి తలూపారు.

"రేపు మనం ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం," అంది మొగుడితో.

ఎందుకని అడగబోతూ అతను తండ్రి చెయ్యి చూశాడు. ఈసారి ఆయన దాన్ని దాచుకోలేదు.