సంగటి చెయ్యి, రాగి కేకు

హొసూరులో రంజిత నడిపే బేకరీకి పురుషోత్తం వచ్చింది చెడిపోయిన మిక్సర్ చూడడానికి. పార్టు రావడానికి మూడు రోజులు పడుతుందన్నాడు. పోటీ ఎల్లుండే. కృష్ణగిరిలో జరిగే ఆ వంటల పోటీలో తన రాగి కేకు గెలిస్తే ఒక పెద్ద హోటల్ ఆర్డరు దొరుకుతుంది. దొరక్కపోతే బేకరీ మూసేయడమే. ఆమె కళ్లలో నీళ్లు చూసి, చేత్తో తానే కలిపి ఇస్తానన్నాడు.

ఎలక్ట్రీషియన్‌కు ఎందుకయ్యా ఈ పని అని అడిగేవాళ్లు లేకపోయారు. గుడ్ల సొన నురుగు వచ్చేదాకా బాగానే గిలక్కొట్టాడు. రాగిపిండి వెయ్యగానే, సొంతూరు కెలమంగలంలో రోజూ సంగటి గెలికే చెయ్యి ఊరుకుంటుందా? కేకు రొట్టెలా అణిగిపోయి బయటికొచ్చింది.

"ఏమప్పా, నురుగుతో నీకేం పగ? గాలంతా పోగొట్టినావే."

"గట్టిగా గెలికితేనే కదా ఉండలు పోయేది. మా అమ్మ అట్లే నేర్పింది."

రంజిత నవ్వాపుకుని, గరిటెను అడుగుదాకా పోనిచ్చి పిండిని పైకి తెచ్చి నురుగు మీద మెల్లగా మడిచి చూపించింది. అతను చూస్తున్నది గిన్నెను కాదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకోసారి చూపించింది.

రెండో కేకు పొంగింది గానీ, లోపల పచ్చిపిండి ఉండలు. రంజిత కుర్చీలో కూలబడింది.

"రాగిని పచ్చిగా వేస్తే అంతేనమ్మా. ముందు ఉడకాల," అన్నాడతను.

మరుగుతున్న పాలలో పిండి పోసి, తెడ్డుతో ఒక్క ఉండ లేకుండా గెలికాడు. చల్లారాక ఆమె మొదట కాస్త నురుగు వేసి పలచన చేసి, మిగతాది మూడు విడతలుగా మడిచి కలిపింది. ఈసారి కేకు టిన్ను అంచు దాటింది. ఇద్దరూ ఓవెన్ ముందు కూర్చుని చిన్నపిల్లల్లా చూశారు.

కృష్ణగిరిలో న్యాయనిర్ణేత కోటమ్మగారు రెండు ముక్కలు తిని, మూడోది అడిగారు. మొదటి బహుమతి రంజితదే. కప్పు అందుకోవడానికి ఆమె అతని చెయ్యి పట్టుకుని వేదికెక్కింది.

"ఈయన ఎవరమ్మా?" అన్నారు కోటమ్మగారు మైకులో.

"నేను పెండ్లి చేసుకోబోయేవాడు. ఇంకా ఆయనకి చెప్పలేదు."

జనం గొల్లుమన్నారు. పురుషోత్తం మైకు అందుకుని, "నేను మొన్నే అనుకున్నాను. చెప్పేదానికి ధైర్యం చాల్లేదు," అన్నాడు.

అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది, మొదటి వరసలో కూర్చున్న రంజిత నాన్న శేషప్ప.