తిరగేసిన థర్మల్ ప్యాంటు

పొద్దున్నే కుక్కర్ ఇంకా విజిల్ కూడా వేయలేదు, చెల్లెలు అట్లకాడతో అన్నయ్య మీద విరుచుకుపడింది.

"నా థర్మల్ ప్యాంటు ఎందుకు కోశావురా?"

దెబ్బకి వాడి పెదవి చిట్లి రక్తం కారింది. వాడూ ఊరుకోలేదు. జడ పట్టి లాగి గోడకేసి తోశాడు. గడియారం కిందపడి ముక్కలైంది.

"నాకేం పనే నీ ప్యాంటుతో? పిచ్చెక్కిందా?"

"రాత్రంతా వెక్కిరించింది నువ్వే కదా! స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మెకానిక్ అయిపోతావా అని!"

చేపలు గడ్డకట్టించే కోల్డ్ స్టోరేజీలో తలుపులు బాగుచేసే ఉద్యోగం ఆమెది. ఈరోజే మొదటి డ్యూటీ. లోపల ఉన్ని థర్మల్ లేకుండా వస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు.

"చంపుకుంటారా ఏంటి!" అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేలమీద రెండు కాళ్లూ వేరుపడి ఉన్న ప్యాంటు తీసి, ఆగిపోయింది. "ఇది తిరగేసి ఉందేంటే?"

కుట్లన్నీ పైకి ఉన్నాయి. ఆ చలిలో కుట్టు ఒంటికి తగిలితే చర్మం కోసుకుపోతుందని అలా తిరగేసి వేసుకునేది ఆ ఇంట్లో ఒక్కరే. అక్కడే పెట్టెలు మోసే నాన్న.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న నాన్న తలెత్తలేదు.

"వాణ్ణి వదిలెయ్. నేనే కోశాను."

"నువ్వా?"

"నీకు సిద్ధంగా ఉంటుందని తిరగేశాను తల్లీ. చేతిలో ఉండగానే ఆ తలుపు గుర్తొచ్చింది." అరచేతులు చాపాడు. తెల్లటి మచ్చలు. "వేడి పైపు తగిలిందని మీకు అబద్ధం చెప్పాను. తలుపు బిగుసుకుపోయి లోపల ఉండిపోయాను. గుద్దీ గుద్దీ చేతులు ఇనుముకి అతుక్కుపోయాయి. చర్మం అక్కడే ఉండిపోయింది."

ఆమె నాన్న గుండెల మీద పిడికిళ్లతో బాదింది. "చెప్పొచ్చు కదా! కోసేస్తావా? నేను వెళ్లేదే ఆ తలుపుల కోసం నాన్నా!"

ఆయన కదల్లేదు. బాది బాది అలిసిపోయి, నాన్న మచ్చల చెయ్యే చెంపకి ఆనించుకుని బావురుమంది.

కోసేసిన ప్యాంటు కాలిని అమ్మ కొడుకు పెదవికి అదిమింది.

"కొత్తదేగా?" అన్నాడు వాడు ముక్కుతూ. "నాన్నది కాదుగా?"

ఏడుస్తూనే ఆమె నవ్వింది. "సారీరా."

నాన్న లోపలికెళ్లి మోకాళ్ల దగ్గర అతుకులేసిన తన రెండో థర్మల్ తెచ్చాడు. తిరగేశాడు. ఆమె ముందు కూర్చుని, పొడుగైన అంచులు పైకి మడిచి కొలత చూశాడు.

"ఎడమవైపు చివరి గది," అన్నాడు. "ముందు ఆ తలుపు చూడు తల్లీ."