ఉచిత డెలివరీ

"ఏం డిస్కౌంట్‌గారూ, ఇదేనా మీరు చెప్పిన బంగారంలాంటి ఆఫర్?"

సిరా అంటిన అయిదు వేళ్లనూ ఆమె నా ముఖం ముందు ఆడించింది. మా ప్రెస్సులో సర్టిఫికెట్ల మీద పేర్లు చేత్తో రాసేది ఆమె, అచ్చుతప్పులు దిద్దేది నేను. నా మాట నమ్మి ఆన్‌లైన్‌లో సగం ధరకి కొన్న ఫౌంటెన్ పెన్ను ఎవరో కొత్త డాక్టరుగారి పేరు మీద సిరా అంతా కక్కేసింది.

"నీకు పట్టుకోవడం రాకపోతే పెన్నేం చేస్తుంది?" అన్నాను.

వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో రోజు తనే వచ్చి "కొత్త ఆఫర్లేమైనా ఉన్నాయా?" అంది. అక్కడితో నా పని అయిపోయింది.

ఆ తర్వాత ప్రతి లంచ్‌లోనూ ఒకే ఫోన్ మీద రెండు తలలు. కూపన్లు వెతకడం, ధర పెంచి తగ్గించే షాపుల్ని కలిసి తిట్టడం. ఆమెకి సన్న పాళీ ఉన్న ఒక ఆకుపచ్చ పెన్ను మీద మనసు పడింది. ధర దిగగానే కొని, ఆమె చేతిలో పెట్టి, నా మనసులో మాట చెప్పేద్దామనుకున్నాను.

ఒక సోమవారం ఆమె నవ్వకుండా వచ్చింది.

"ఒక సంబంధం వచ్చింది. ఆదివారం నాన్నగారికి అవుననో కాదనో చెప్పాలి. నువ్వేమైనా చెప్పాలనుకుంటే ఈలోపే చెప్పు."

మాట నోటిదాకా వచ్చింది. ఉత్త చేతులతో ఎలాగని మింగేశాను.

"కొంచెం ఆగు, చెప్తా."

బుధవారం ధర పడింది. ఎగిరి గంతేశాను. డబ్బు కడితే డెలివరీ మర్నాడే, ఉచితమైతే మూడు నుంచి ఆరు రోజులు. మూడంటే శనివారమేగా! అలవాటైన వేలు ఉచితం మీదే పడింది.

శనివారం వాన వచ్చింది, పార్సిల్ రాలేదు. గుమ్మంలో గొడుగు విప్పుతూ ఆమె ఆగింది.

"చెప్తానన్నావ్?"

"రేపు ఫోన్ చేస్తా."

చెయ్యలేదు. పార్సిల్ ఎక్కడుందో మాత్రం ఇరవైసార్లు చూసుకున్నాను. నాలాంటి మొద్దు ఎక్కడా ఉండడు.

మంగళవారం పెన్ను వచ్చింది. ఆమె బల్ల మీద పెట్టాను. చిత్తుకాగితం మీద ఒక గీత గీసింది. పాళీ జారినట్టే నడిచింది.

"ఆదివారం సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నా" అంది. "నాన్నగారు మూడుసార్లు అడిగారు. మూడోసారి సరేనన్నా."

"పెన్ను లేటైంది..."

"పెన్నెవరడిగారు?"

మళ్లీ తనే అడిగింది. "తొందరగా వచ్చే డెలివరీ లేదా?"

"ఉంది."

"ఎంతట?"

"రెండు కాఫీల డబ్బు."

ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. క్యాపు పెట్టి, పెన్నుని దాని డబ్బాలో సర్ది నావైపు తోసింది.

"పది రోజుల్లో వాపసు తీసుకుంటారుగా. పంపెయ్యి, డబ్బులొస్తాయి."

పంపలేదు. ఆ పెన్నుతోనే రోజూ ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దుతున్నాను.