వెనక గోడ దగ్గర నిలబడేది

ఆ ఇంటి వెనక గోడకు మంచి పేరు లేదు.

ఊరికి దూరంగా, తుప్పల మధ్య, కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాళ్ళ కోసం కట్టిన రెండు గదుల ఇల్లు అది. ముందువైపు నుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు. సున్నం వేసిన గోడలు, ఇనుప గేటు, నాలుగు మెట్లు. వెనక్కి వెళ్తేనే తెలుస్తుంది, గోడకూ పొదలకూ మధ్య పది అడుగుల నేల కూడా లేదని. అక్కడికి కొన్ని రాత్రులు, ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాక, ఒక ఆడది వస్తుందని చెప్పుకునేవారు. తలుపు తట్టదట. కిటికీలోంచి తొంగి చూడదట. గోడవైపు ముఖం పెట్టి, గోడకు ఆనుకుని... నిలబడుతుందట. అంతే.

ఏడేళ్లలో మూడు కుటుంబాలు ఆ ఇల్లు ఖాళీ చేశాయి.

ఈ సంగతి మా అక్కకు చెప్పినవాడు పాలు పోసే ఆయన. అది కూడా, సామాన్లు దింపిన మూడో రోజున.

"ముందే చెబుదామనుకున్నానమ్మా," అన్నాడట, పాలు కొలుస్తూ. "చెబితే మీరు దిగరు. మీరు దిగకపోతే నాకు ఇటువైపు ఒక వాడుక పోతుంది."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"మనసు ఊరుకోలేదు."

జరిగినదాన్ని అక్క నాకు చెప్పిన వరసలోనే చెబుతాను. అందులో నా వంతు కూడా ఒకటి ఉంది. దాన్ని దాటేసి చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. దాటేస్తే కథ నిలబడడం లేదు.

అక్కకు ఆ ఇల్లు ఎంత అవసరమో ముందు తెలియాలి. పెళ్లయిన నాలుగేళ్లూ అత్తగారింట్లో, నడవలో కట్టిన ఒక పరదా వెనక కాపురం చేసింది. పరదాకు ఒక పక్క మరిది చదువు, మరో పక్క మామగారి దగ్గు. నవ్వు వచ్చినా, ఏడుపు వచ్చినా దిండులో ముఖం దాచుకోవడమే. బావకు ఈ సబ్‌స్టేషన్‌కు బదిలీ అయి, క్వార్టర్ కూడా ఇస్తున్నారని తెలిసిన రోజున నాకు ఫోన్ చేసి, "తలుపులున్నాయే," అంది. "రెండు గదులకీ తలుపులున్నాయి." 

"ఆ అడవిలో పది రోజులుంటే గొప్పే," అన్నారట అత్తగారు.

భయపడ్డానని ఒక్క మాట పైకి అంటే మళ్ళీ ఆ పరదా వెనక్కే. అందుకే పాలాయన మాటల్ని అక్క నవ్వుతూనే బావ చెవిన వేసింది.

"మీ అమ్మమ్మ కథల్లో దెయ్యాలన్నిటికీ మన క్వార్టర్‌కే బదిలీ అయినట్టుంది," అన్నాడు బావ. "వాటికైనా ఇంటి అద్దె భత్యం వస్తోందో లేదో కనుక్కో."

నవ్వాడే కానీ, మర్నాడే ఒక చిన్న కెమెరా కొనుక్కొచ్చి వెనక చూరు కింద బిగించాడు. నెలలో సగం రాత్రులు అతనికి డ్యూటీ. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టెయ్యాలి. కాబట్టి కెమెరా చూపించేది రెండు ఫోన్లలో కనిపించేలా అమర్చాడు: ఒకటి అక్కది, రెండోది నగరంలో హాస్టల్లో ఉంటున్న నాది.

"రాత్రంతా చదువుతూ కూచుంటావు కదా మరదలా," అన్నాడు. "మీ అక్కకి కాపలా కూడా కాయి."

మొదటి వారం ఏమీ లేదు. ఒక కుందేలు. ఒకసారి గాలికి ఊగిన కొమ్మ.

తొమ్మిదో రాత్రి, బావ డ్యూటీలో ఉండగా, నా ఫోన్ చిన్నగా మోగింది. తెర మీద ఒక మాట వచ్చింది — "మనిషి".

తెరిచి చూశాను.

చీకట్లో ఆ కెమెరా బొమ్మ బూడిదరంగులో ఉంటుంది. ఆ బూడిదలో, గోడకు అతుక్కుపోయినట్టు, ఒక ఆకారం. తల మీదుగా కప్పుకున్న గుడ్డ. మాకు వీపే కనిపిస్తోంది. ముఖం గోడలో కలిసిపోయింది. కదలదు. ఐదు నిమిషాలు... పది... పావుగంట. గుడ్డకూ గోడకూ మధ్య సన్నని వెలుగొకటి మాత్రం ఉండుండి వణుకుతోంది.

"చూస్తున్నావా?" అని అక్క మెసేజ్ పెట్టింది.

"చూస్తున్నాను."

"ఆ గోడకి ఇవతలే నా మంచం."

 గంట గడిచాక ఆకారం గోడను విడిచి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

రెండు రాత్రులు ఊరుకుని, బావ లేని మూడో రాత్రి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే నిలబడడం. ఈసారి అక్క కెమెరా శబ్దాన్ని పెంచి వింది. విన్నాక ఆ ముక్క నాకు పంపింది. 

కీచురాళ్ళ రొద. దాని అడుగున, ముసలి గొంతు ఒకటి... గుసగుసగా:

"తిన్నావా?... ఒక్కదానివే పడుకున్నావా?... భయపడకు... నేనున్నానుగా... నెల నిండనీ, నేనే వస్తాను... వచ్చి నీ పక్కనే పడుకుంటాను..."

నేను హాస్టల్ గదిలో దీపం వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. అక్క తన ఇంట్లో దీపం కూడా వేసుకోలేదు. వేస్తే తాను మేలుకున్నట్టు దానికి తెలుస్తుందని.

"బావకి చెప్పు," అన్నాను ఉదయం.

"చెప్పను. చెబితే మూటాముల్లే సర్దమంటారు. నువ్వు కూడా చెప్పకు. ఒట్టు."

"మరి ఎలా?"

"నాకేం తెలుసు? అమ్మమ్మ ఒళ్ళో పడుకుని కథలన్నీ విన్నదానివి నువ్వు. నువ్వే చెప్పు."

ఆ మాట నాకు గర్వంగా అనిపించింది. దాచడం ఎందుకు, అనిపించింది.

అమ్మమ్మ చెప్పిన ఒక కథలో, పెరట్లో తిరిగే దెయ్యాన్ని ఏ మగవాడూ వెళ్ళగొట్టలేకపోతాడు. చివరికి ఆ ఇంటి చిన్నకోడలు ఉపాయం పన్నుతుంది. దెయ్యం మనిషికి జంకదు, తనకంటే ముందు ఆ చోట చచ్చినదానికే జంకుతుంది. అందుకని ఆమె చీకట్లో దాక్కుని, చచ్చినదాని గొంతు పెట్టి, ఈ చోటు నాదని అంటుంది. దెయ్యం వెనక్కి చూడకుండా పారిపోతుంది. ఆ గొంతు ఎలా పెట్టాలో అమ్మమ్మ నాకు పట్టుబట్టి నేర్పింది. చిన్నప్పుడు ఆ గొంతుతో ఇల్లంతా హడలగొట్టేదాన్ని.

ఆ కెమెరాలో మనం మాట్లాడే వీలు కూడా ఉంది. తెర మీది గుర్తును నొక్కి పట్టుకుంటే, ఇక్కడి మాట అక్కడ, చూరు కింద వినిపిస్తుంది.

ఆ తరవాతి వారం, బావ డ్యూటీలో ఉన్న రాత్రి, ఫోన్ మోగింది. "మనిషి" అంది యంత్రం. అది ప్రతిసారీ ఆ మాటే అంది, మేమే నమ్మలేదు.

ఆకారం గోడ దగ్గర ఉంది. ఏదో గొణుగుతోంది. నేను తలుపు గడియ వేసుకుని, దుప్పటి ముసుగు పెట్టి, గుర్తును నొక్కాను.

"ఈ గోడ నాది..."

ఆకారం బిగుసుకుపోయింది.

"నన్నిక్కడే చంపారు... ఇక్కడే పూడ్చారు... నా మీద నిలబడడానికి నువ్వెవరివి?"

ఆ తరవాత ఏడ్చాను. కథలోని కోడలు కూడా ఏడుస్తుంది. నా ఏడుపు బాగా కుదిరింది. నాకు నిజంగానే భయంగా ఉంది మరి.

తెర మీద ఆకారం ఒక్కసారి పైకి చూసింది. బూడిదరంగు ముఖం, తెరుచుకున్న నోరు, తెల్లగా రెండు కళ్ళు... మరుక్షణం పొదల్లో పడుతూ లేస్తూ పోయింది. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. ఆ మీదట కీచురాళ్ళు.

అది మళ్ళీ రాలేదు.

అక్క ఆనందం నేను మాటల్లో పెట్టలేను. వారం తిరగకుండా కిటికీలకు తెరలు కుట్టింది. వెనక గుమ్మం దగ్గర మొక్కలు పెట్టింది. "నా ఇల్లు నాకు దక్కించావే," అంది. నేను హాస్టల్లో ఈ కథ ముగ్గురికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ గొంతు పెట్టి వినిపించాను. వాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు.

పదకొండో రోజు ఉదయం బావ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూర్చున్నాడట.

"వెనక గోడకి ప్లగ్గుందా మనకి?"

"ప్లగ్గా?"

ఇద్దరూ వెళ్ళి చూశారు. ఎప్పుడో మోటారు కోసం పెట్టిన ప్లగ్గు. చూరు నీడలో, మనిషి భుజమెత్తున ఉంది. దానిపైన సున్నం మీద, ఏళ్ల తరబడి నుదురు ఆనిన చోట, చేతి వెడల్పున ఒక నూనె మరక.

"రాత్రి సబ్‌స్టేషన్‌కి ఫోనొచ్చింది," అన్నాడు బావ. "ఎక్కడి నుంచో ఒకమ్మాయి. ఏడుపు. వాళ్ళమ్మ ఈ పొదలకవతల గుడిసెల్లో ఉంటుందట, కట్టెలు కొడుతుందట. అక్కడ కరెంటు లేదు. ఫోను ఛార్జింగుకి మన గోడకే పెట్టుకునేదట, ఏడేళ్లుగా. పాత ఫోను, తీగ తీస్తే ఆరిపోతుందట. తీగేమో జానెడు. అందుకని గోడకానుకునే మాట్లాడేదట."

అక్క ఆ మరక మీద చెయ్యి పెట్టింది.

"ఆ అమ్మాయికి మొన్న కాన్పయింది. ఆడపిల్ల. వాళ్ళమ్మకి పదకొండు రోజులుగా చేస్తోందట, ఫోను పలకదు. 'మా అమ్మ బతికుందో లేదో చూడండయ్యా,' అంది. నేనేం చెప్పను?"

అప్పుడు చెప్పింది అక్క, మొత్తం. బావ వింటూ వింటూ చెప్పులు చూసుకున్నాడట. కోప్పడలేదు. బండి తాళం తీసుకున్నాడు.

గుడిసెలో అవ్వ చాప మీద ఉంది. ఎడమ మడమ వాచి నల్లబడింది. ఆ రాత్రి పరుగులో పడిందట. ఆరిపోయిన ఫోను తలగడ పక్కనే, జానెడు తీగ దానికి చుట్టి. అక్క తనతో తెచ్చిన పవర్‌బ్యాంకుకు ఆ ఫోన్ తగిలించి, ముందు కూతురితో మాట్లాడించింది. మనవరాలి ఏడుపు వినిపించాక అవ్వ పైట నోట్లో కుక్కుకుంది.

చాలాసేపటికి అక్కను తేరిపార చూసి, "ఆ ఇంటి అమ్మాయివా నువ్వు?" అంది. "తల్లీ, నన్ను క్షమించు. అడక్కుండా కరెంటు వాడుకున్నాను. మొట్టమొదట ఉన్న అమ్మగారు పెట్టుకోమన్నారు. ఆ తరవాత వచ్చినవాళ్ళని అడగడానికి మొహం చెల్లలేదు. దొంగలా దీపాలారాక వచ్చేదాన్ని."

"అవ్వా, అది కాదు..."

"నా మాట విను. ఆ ఇంట్లో ఉండకండి." అవ్వ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ గోడలో ఒక పిల్ల ఉంది. నేను విన్నాను. ఎవరో చంపి పూడ్చారట. ఏడేళ్లు దాని మీద నిలబడ్డాను చూడు, కోపం రాదా మరి? చిన్నపిల్ల గొంతు... ఎంత ఏడ్చిందో! మడమ నొప్పికి కాదమ్మా, ఆ ఏడుపు తలుచుకునే నాకు నిద్ర పట్టడం లేదు. ఏ తల్లి కన్నదో."

నిజం చెప్పడానికే వెళ్ళిన అక్క, ఆ మాటల తరవాత నోరు తెరవలేకపోయింది. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసింది. అన్నీ చెప్పింది, పొడి గొంతుతో, ఒకదాని తరవాత ఒకటి.

"నేను చెప్పలేను," అంది. "నువ్వే చెప్పు."

"అక్కా, వద్దు..."

అప్పటికే ఆమె లోపలికి నడుస్తోంది. "అవ్వా, మా చెల్లెలు మాట్లాడుతుందట," అనడం వినిపించింది. ఫోన్ చేతులు మారింది.

"మీ చెల్లా?... అమ్మాయీ, నువ్వైనా చెప్పు మీ అక్కకి. ఆ ఇల్లు వద్దని చెప్పు. ఏం, పలకవేం?"

 నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి, రేపు చేస్తానని అక్కకు మెసేజ్ పెట్టవచ్చు. ఒక ఉత్తరం రాయవచ్చు. అక్క చేతే, మెల్లిగా, నెల తరవాత చెప్పించవచ్చు. ఇన్ని దారులు ఒక్క క్షణంలో తోచడమే నాకిప్పటికీ సిగ్గు.

"అవ్వా," అన్నాను.

అటువైపు ఊపిరి ఆగింది.

"అవ్వా... ఆ రాత్రి గోడ దగ్గర..." ఆ పైన రాలేదు. ఏడుపొచ్చింది. అదే ఏడుపు.

 తిట్టు కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"నువ్వా?" అంది ఆమె, గుసగుసగా. "తల్లీ... బతికే ఉన్నావా?"