మందిరంలో చెప్పిన పేరు

అక్కచెల్లెళ్లారా, రాతలో తప్పులుంటే మన్నించండి. నలభై ఏడో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట జారిపోతుంటాయి. ఈ కాస్త రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇది మా అత్తగారు రోశమ్మ కథ. ఆమె నాకు ఒక్కసారే చెప్పింది... ఏడవకుండా చెప్పింది.

అంకన్న పల్లె మొదట్లో నిలబడి కేకేసేసరికి రోశమ్మ జొన్నలు దంచుతోంది. అంకన్న ఊళ్లో ఉండే గొల్లాయన, గొర్రెల కాపరి. అంటరానివాళ్లమని ఊరికి దూరంగా ఉంచిన మా పల్లెలోకి ఆ కులంవాళ్లు అడుగు పెట్టరు. ఆ రోజు ఆయన పెట్టాడు!

“రోశమ్మా! నీకు మేమేం అన్యాయం చేసినామమ్మా? మీ మందిరంలో నా పెండ్లాం పేరు చెప్పినావంట... మా పెద్దలు దాన్ని కులంలోంచి తీసేసినారు! తొమ్మిది రోజులాయె, గొర్రెల దొడ్డి కాడ గుడిసెలో ఒక్కతే ఉంది. కన్నబిడ్డను తాకనియ్యరు, కుండ ముట్టనియ్యరు...”

రోశమ్మ చేతిలో రోకలి అట్లాగే ఆగిపోయింది. ఏడుపు రాలేదు. ఆ ఏడు ఆమెకు దేనికీ ఏడుపు రాలేదు! గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో పెనిమిటి రెండు పూటల్లో పోయినప్పుడూ రాలేదు. నెలన్నర పిల్లాడు చంకలో ఉండగా రొమ్ములో పాలు ఇంకిపోయినప్పుడూ రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు, అదంతా వేరే ఎవరికో జరుగుతున్నట్టు ఉండేదట...

ఆ పిల్లాణ్ణి బతికించింది అంకన్న భార్య చెంచమ్మ. మా అర్ధవీడు కొండ వార గడ్డి కోయబోయిన రోశమ్మ, బిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతుంటే చూస్తూ కూర్చుంది. గొర్రెలు తోలుకొచ్చిన చెంచమ్మ ఆగింది. ఆమెకూ ఏడాది వయసు ఆడపిల్ల ఉంది.

“ఏందమ్మీ, రాయి మాదిరి కూర్చున్నావు? పిల్లాడు పోతా ఉంటే!”

“నాకు పాలు లేవమ్మా...”

“నాకున్నాయిలే. ఇట్టియ్యి.”

“మేం పల్లెవాళ్లమమ్మా. మమ్మల్ని ముట్టుకోగూడదు...”

“తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రె కింద కుడిపిస్తాం. కులం అడిగి కుడిపిస్తామా? ఇట్టియ్యి అంటాంటే!”

నాలుగు నెలలు! రోజూ పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, ఆ బండ చాటున... రోశమ్మ ఆమెకు ఒక్క మంచి మాట చెప్పలేదు. చేసిన మేలుకు నోటితో మాట చెప్పే అలవాటు మన ఇళ్లలో ఎక్కడిది?

ఆ అలవాటు మందిరం, అదే మా పల్లె చర్చి, నేర్పింది. కోతలయ్యాక వచ్చే కృతజ్ఞత పండుగనాడు ఒక్కొక్కరే లేచి, ఆ ఏడు దేవుడు చేసిన మేలేమిటో, అది ఏ మనిషి చేతుల మీదుగా వచ్చిందో చెప్పాలి. “దేవుణ్ణి స్తుతించి మనిషిని మరిచిపోతే ఆ స్తుతి సగమే” అనేవాడు మాకు వాక్యం చెప్పే ఉపదేశి మోషే. రోశమ్మ వంతు వచ్చింది. ఆమె అత్త గురవమ్మకు సంగతంతా తెలుసు. కొంగు పట్టుకుని లాగింది. “కూర్చోవే! ఆ పేరు చెప్పొద్దు!” రోశమ్మ చెప్పేసింది. అరవై మంది విన్నారు. వారం తిరక్కుండా ఊరంతా విన్నది! మంచి మనిషిని మంచిదంటే మంచే జరుగుతుందనుకుంది, పిచ్చితల్లి...

“ఒకటే దారి ఉంది,” అన్నాడు ఆ రోజు పల్లెకొచ్చిన అంకన్న. “నువ్వొచ్చి, అబద్ధమాడినానని పెద్దల ముందర చెప్పు. దాన్ని ఇంట్లోకి రానిస్తారంట. పిల్లాణ్ణి కూడా తెమ్మన్నారు.”

ఈ మాట తెలిసి మోషే పరుగెత్తుకొచ్చాడు.

“దేవుని ఎదుట సాక్ష్యం చెప్పి, మనుషుల ఎదుట కాదంటావా రోశమ్మా? అట్ల చేస్తే ఏడాది పాటు నిన్ను ప్రభువు బల్ల దగ్గరికి, ఆ రొట్టె తీసుకోను రానియ్యలేను!”

“జరిగింది దేవునికి తెలుసు గదయ్యా. చెంచమ్మకు ఇల్లు కావాల.”

“అబద్ధం అబద్ధమేనమ్మా!”

“కాదంటినా? అది నా నెత్తినే ఉండనీ.”

మరునాడు మధ్యాహ్నం పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. రోశమ్మ దూరంగా నిలబడింది. ఇంకో పక్క ఎండలో చెంచమ్మ.

“నేనే కల్పించినానయ్యా. పెనిమిటి పోయినాక నాకు మతి సరిగ్గా లేదు. ఆ తల్లి నా బిడ్డను కంటితో కూడా చూడలేదు.”

“మరి వీడు గాలి మేసి ఇంత లావైనాడా?” అన్నాడు కులపెద్ద గోవిందయ్య. పక్కవాళ్లు నవ్వారు.

“జొన్న గంజి పోసినానయ్యా... మేకపాలు...”

అప్పుడే చంకలోని పిల్లాడు చెంచమ్మను చూశాడు! రెండు చేతులూ చాచి, ఒళ్లంతా విరుచుకుని, గుక్కపట్టి ఏడ్చాడు... రోశమ్మ వాణ్ణి గట్టిగా అదుముకుంది. చెంచమ్మ కదల్లేదు. నేల చూస్తూ నిలబడింది. కాని ఆమె పైట తడిసిపోతోంది! పది రోజులుగా సొంత బిడ్డ నోటికి అందని పాలు... ఆ ఏడుపుకు ఆగలేదు!

అంకన్న చటుక్కున భుజం మీది గొంగళి తీసి ఆమెకు కప్పాడు.

“ఇంత ఎండలో గొంగళి ఏందిరా?” అన్నాడు గోవిందయ్య.

“జరం మామా. గుడిసెలో మంచుకు పడుకొనింది గదా.”

గోవిందయ్య ఆ గొంగళి వంక చాలాసేపు చూశాడు. “సరే. ఇంటికి తోలుకపో,” అన్నాడు.

చెంచమ్మ రోశమ్మ ముందు నుంచే నడిచిపోయింది. తల ఎత్తలేదు. రోశమ్మా పిలవలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే ఊళ్లో బతికారు... ఒక్క మాట ఆడుకోలేదు!

ప్రభు భోజనం నాటి ఆదివారం రోశమ్మ మందిరం బయట, మెట్టు మీద కూర్చుంది. లోపల రొట్టె పంచే వేళకు గురవమ్మ లేచి బయటికొచ్చి కోడలి పక్కన కూలబడింది.

“నిన్నెవరు వద్దన్నారత్తా? లోపలికి పో.”

“నా మనమడు ఎవరి పాలు తాగినాడో నాకు తెలియదా ఏందే? నోరు మూసుకొని జరుగు.”

అప్పుడూ ఏడుపు రాలేదట. జరిగి చోటిచ్చిందట, అంతే.

ఆ తర్వాత ఏటా కృతజ్ఞత పండుగలో తన వంతు వచ్చినప్పుడు రోశమ్మ లేచి నిలబడేది. కాసేపు నిలబడి, ఏమీ అనకుండా కూర్చునేది.

ఆ పిల్లాడే నా భర్త కృపాకర్. ఆయన పోయి ఆరేళ్లు. మా అత్త లేదు. అంకన్న, చెంచమ్మ లేరు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు సంతానం లేకుండానే పోయింది. ఈ మాట వల్ల ఇక ఎవరి ఇల్లూ పోదు. అందుకని మా అత్త వంతు నేను చెబుతున్నాను. అర్ధవీడు గొల్ల చెంచమ్మ నా భర్తకు నాలుగు నెలలు పాలిచ్చింది. దేవునికి స్తోత్రం. ఆమెకు నా వందనాలు.

నా పేరు దీనమ్మ. యాభై మూడేళ్లుంటాయి. ఇప్పుడు గిద్దలూరులో, రైలు కట్టకు అవతల, చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.